జానెడు కింద నొప్పి

తీగకు వేలాడదీసిన ఫిల్ములో నుంచి నీళ్ళు ఇంకా కారుతూనే ఉన్నాయి. ఒక చుక్క, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒక చుక్క, కింద నాపరాయి మీద పడి చిట్లుతున్నాయి. ఆ నల్లటి ఫిల్ములో ఉన్నవి రెబెకమ్మ తుంటి ఎముకలు. ఫిల్ము వెనక కిటికీ, కిటికీలో మిట్టమధ్యాహ్నపు ఆత్మకూరు. ఉల్లిగడ్డల బస్తాలు వేసుకున్న ఒంటెద్దు బండి ఒకటి తన ఎముకల్లో ఎడమ పక్కన దూరి, కుడి పక్కన బయటికి పోవడం ఆమె బల్ల మీద కూర్చునే చూసింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఎముకల మీద కూర్చుంది, లేచింది, సంగం మాగాణుల్లో అడ్డదిడ్డంగా తిరిగింది, ఒక బిడ్డను కనింది, వాటి మొహం మాత్రం ఇన్నాళ్ళూ చూడలేదు. తీరా చూడబోతే అవి తలకిందులుగా వేలాడుతూ, స్నానం చేసి వచ్చిన వాటిలాగా నీళ్ళు కారుస్తున్నాయి. "ఆరేదానికి గంట పడతాది," అన్నాడు ఎక్స్‌రేలు తీసే మస్తానయ్య. "తడిది తీసుకపోతే డాక్టరు తిట్టేది నిన్ను కాదు, నన్ను." ఆ మాట చెప్పి చెప్పులేసుకుని టీకి పోయాడు. గంట. నాట్లప్పుడు గంటంటే ఎంతో ఆమెకు తెలుసు, అరమడి. ఇక్కడ బల్ల మీద గంటంటే ఎంతో తెలియదు. చుక్కలు లెక్కపెడదామని మొదలుపెట్టి, పదకొండు దగ్గర తప్పింది.

గురువారం గురువారం నెల్లూరు నుంచి వచ్చే ఎముకల డాక్టరు పొద్దున ఆమెను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. కుడి మోకాలు మడిచి రొమ్ము దాకా తెచ్చాడు, తెచ్చినదాన్ని ఎడమ పక్కకు వాల్చాడు, పాదాన్ని బయటికి తిప్పాడు. గజ్జలో ఎవరో తాళంచెవి దూర్చి తిప్పినట్టయింది, ఆమె బల్ల అంచు పట్టుకుంది. మోకాలిని బయటి పక్కకు వాల్చితే నొప్పి లేదు. మళ్ళీ లోపలికి వాల్చితే, తాళంచెవి. మూడుసార్లు అలా చేసి, "అదే," అన్నాడు, తిరునాళ్ళలో తప్పిపోయిన చుట్టం కనబడ్డట్టు సంతోషంగా. "నువ్వు గుమ్మం దాటేటప్పుడే చూశానమ్మా చెయ్యి ఎక్కడ పెట్టుకున్నావో. బొటనవేలు వెనక, నాలుగు వేళ్ళు ముందు, తుంటిని గుప్పిట్లో పట్టుకున్నట్టు. కడుపులో నొప్పి ఉన్నవాళ్ళు అట్లా పట్టుకోరు. ఇది ఎముకేమో. ఫోటో తీయించుకురా." కడుపులో నొప్పి ఉన్నవాళ్ళు అట్లా పట్టుకోరు. ఆయనకది నోటికొచ్చిన మాట. ఆయన చెయ్యి కడుక్కుని ఇంకొకరి మోచెయ్యి చూడటానికి పోయాడు. ఈమె మాత్రం చీర సర్దుకోవడం మరిచిపోయి ఆ మాటనే చూస్తూ కూర్చుంది.

ఎముకైతే. ఆ మాట దగ్గర ఆమె మనసు మోటబావి ఎద్దులాగా ముందుకు దిగుతోంది, వెనక్కి ఎక్కుతోంది. ఎముకైతే, రెండేళ్ళ కిందట ఇదే నొప్పికని కోసి తీసేసిన గర్భసంచి ఊరికే పోయినట్టు. ఎముక కాకపోతే, గర్భసంచిలోనూ లేక, ఎముకలోనూ లేక, ఈ నొప్పి ఎక్కడిది మరి? మనసులో పుట్టిందంటారు, పని ఎగ్గొట్టేదానికి నాటకమంటారు, అంతకన్నా మంచివాళ్ళైతే దయ్యమంటారు. ప్రభువా, అని లోపల మొదలుపెట్టింది. ఆ తర్వాత ఏం అడగాలో తోచలేదు. ఎముకలోనే ఉండనీ ప్రభువా అని అడగడానికి నోరు రాలేదు, ఎముకలో లేకుండా చెయ్యమని అడగడానికీ రాలేదు. అడిగేవాళ్ళకే ఏం కావాలో తెలియకపోతే పాపం ఆయన మాత్రం ఏమిస్తాడు. మాటను అక్కడే వదిలేసి, ఆమెన్ కూడా అనకుండా, మళ్ళీ చుక్కల్లోకి పోయింది.

పక్కన ఆమె అత్త హన్నమ్మ బల్ల మీదికి కాళ్ళు ఎత్తుకుని గొంతుక్కూర్చుని వేరుశనగకాయలు ఒలుస్తోంది. అరవై దాటిన మనిషి. మోకాళ్ళు చెవుల పక్కకు వస్తాయి, మడమలు పిర్రలకు ఆనుతాయి, ఆ మడతలో గంటలు గంటలు హాయిగా ఇమిడిపోతుంది. రెబెకమ్మకు ఈ మధ్య లోకంలో ఎవరి మీదా అసూయ లేదు, గొంతుక్కూర్చునేవాళ్ళ మీద తప్ప. తను బల్ల చివర్న ఒక పిర్ర ఆనించి, కుడి కాలు నిగడదన్ని, మేకుకు తగిలించిన చొక్కాలా వేలాడుతోంది. పొద్దున ఉదయగిరిలో బస్సెక్కినప్పుడు కిటికీ పక్కన సీటు దొరికినా కూర్చోలేదు. చక్రం మీది సీటు, మోకాళ్ళు గడ్డానికొస్తాయి. కడ్డీ పట్టుకుని ఆత్మకూరు దాకా నిలబడే వచ్చింది. కండక్టరు చూసి, "ఏమ్మా, టిక్కెట్టు నిలబడేదానికి మాత్రమే కొన్నావా," అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు, అందరికన్నా గట్టిగా హన్నమ్మ నవ్వింది. ఆమెకు నవ్వు అట్లా వస్తుంది, దాపరికం లేని మనిషి.

"సీతారామపురంలో ఒకాయన ఇట్నే ఫోటో తీయించుకున్నాడంట మే," అంది హన్నమ్మ, పొట్టు ఊదేసి. "కడుపులో ఏందో గుచ్చుకుంటా ఉండాదంటే తీసినారు. చిన్నప్పుడు మింగిన అర్ధణా బిళ్ళ కనపడింది. అంతే అయితే బాగుండు, దాని మీద రాజు కనపడినాడు. రాజు ఇన్నేళ్ళూ కడుపులో ఉండి ఉండి గడ్డం పెంచేసినాడంట." అవతలి బల్ల మీద చెయ్యి విరిగిన మనిషి నవ్వాపుకోలేక కట్టు పట్టుకున్నాడు. హన్నమ్మకు ఉత్సాహం వచ్చింది. "అబద్ధాలు కూడా పడతాయంట ఇందులో. వాళ్ళూరి కరణానికి తీస్తే మొత్తం నల్లగా వచ్చిందంట. నువ్వేం బయపడబాకమే. కాలు జారినావు, నరం పట్టేసింది, అంతే గదా. ఇంత దూరం ఎందుకంటే ఆ మడి ఆసామి తల్లి, రెడ్డెమ్మ, వినకపాయె." కాలు జారినావు. వారం కిందట సంగంలో మడిలో కాలు జారి కూలబడిందని హన్నమ్మకు తెలుసు, ఊరందరికీ తెలుసు. జారలేదు. వంగినది లేవబోతే తుంటిలో ఏదో టక్కుమని ఇరుక్కుని, కాలు అలాగే ఉండిపోయి, ఆమె బురదలో కూర్చుండిపోయింది. అది నాలుగేళ్ళ నాటి నొప్పేనని, మధ్యలో మూడు నెలలు తప్ప ఒక్కరోజు కూడా పోలేదని తెలిసింది ఇద్దరికే, ఆమెకూ దేవుడికీ. ఇద్దరూ బయట చెప్పలేదు.

నాట్లేసే ఆడవాళ్ళందరికీ నడుం నొప్పి ఉంటుంది. దాన్నెవరూ నొప్పి కింద జమకట్టరు, అది కూలిలో ఒక భాగం. ఈమెది నడుము కాదు. ముందర, తొడ మొదట్లో, మడత లోపల, వేలు పెట్టి చూపిద్దామంటే వేలు అందని చోట. ఉదయగిరి పక్క చెరువుల్లో నీళ్ళు లేని ఏడు, అంటే కాస్త అటూ ఇటూగా ప్రతి ఏడూ, పెన్న కాలువలు వదలగానే ఆడవాళ్ళంతా లారీ ఎక్కి సంగం పోతారు. గట్టు పక్క మొదటి చోటు రెబెకమ్మది. ఆమె ఎంత వేగంగా వెనక్కి జరిగితే వరసంతా అంత వేగంగా జరగాలి, అందుకే ఆ చోటు అందరికీ ఇవ్వరు. అది ఆమెకు హన్నమ్మ ఇచ్చిన చోటు, హన్నమ్మ నేర్పిన తీరు. కుడికాలు ముందు పెట్టి, మోకాలు కొంచెం లోపలికి తిప్పి, పొట్టను తొడ మీదికి వంచేసి, నారుకట్ట మోచేతికీ మోకాలికీ మధ్య ఇరికించుకుని నాటాలి. అలా నాటితే చెయ్యి బారుగా పోతుంది, నారు నిలువుగా దిగుతుంది. కాపురానికొచ్చిన కొత్తలో, పదిహేడేళ్ళ పిల్లకు మడిలో వెనక నిలబడి మోకాలిని చేత్తో లోపలికి తిప్పి చూపించింది హన్నమ్మ. పొద్దున డాక్టరు తిప్పింది కూడా అదే పక్కకు, సరిగ్గా అంతే. "నా కాలంలో నేను వంగితే లేచేదాన్ని కాదు మే," అని అప్పుడే చెప్పింది. "నడుం మీద కొంగలు గూడు పెట్టినాయి. గుడ్లు పెట్టినాయి. ఇంక లేస్తే పాపం కదా, పిల్లలకు రెక్కలొచ్చేదాకా వంగినదాన్ని వంగినట్టే నాటుకుంటా పోయినాను. లేచి చూస్తే నెల్లూరు చెరువు కాడ ఉండాను." ఆ రోజు రెబెకమ్మ నవ్వి నవ్వి నారుకట్ట జారవిడిచింది. పదిహేడేళ్ళ తుంటి, నూనె రాసిన గడియలా తిరిగేది.

తర్వాత తర్వాత గడియ కిరకిరమనడం మొదలయింది. ముందు పొద్దుగూకే వేళ, తర్వాత మధ్యాహ్నం, తర్వాత మడిలో దిగగానే. లారీలో గంట కూర్చుని దిగితే నాలుగడుగులు కుంటి కానీ కాలు సాగేది కాదు. కాలిగోళ్ళు తీసుకోవడం మానేసింది, సారా చేత తీయించుకునేది. సారా ఆమెకు ఒక్కతే కూతురు, ఎనిమిదేళ్ళది, తల్లి కాలిని ఒళ్ళో పెట్టుకుని బడిపిల్ల పలక పట్టుకున్నట్టు శ్రద్ధగా పట్టుకుని కోసేది. చెంబు పట్టుకుని తుమ్మల్లోకి పోయినప్పుడు కూర్చోవడం ఒక ఎత్తు, లేవడం ఒక ఎత్తు. ఒక చేత్తో కంప పట్టుకుని లేచేది, చేతికి ముళ్ళు దిగేవి. చర్చిలో చాప మీద మఠం వేసుకుని కూర్చుంటే కుడి మోకాలు కిందికి ఆనదు, గాలిలో నిలబడుతుంది. అందరూ మోకాళ్ళూని ప్రార్థన చేసేటప్పుడు తను గోడకు చేరబడేది. బోధకుడి భార్య చూసి, వంగని మనసును వంచమని ఆమె కోసం ప్రార్థన చేసింది. వంగనిది మనసు కాదమ్మా అని చెప్పొచ్చు. మరేది వంగడం లేదో చెప్పాలిగా అప్పుడు. ఆ చోటుకు పేరు ఉంది, ఆడవాళ్ళ మధ్య అనుకునే పేరు. చర్చిలో అనే పేరు కాదు.

చుక్క. చాలాసేపు ఏమీ లేదు. ఫిల్ము పైభాగం ఆరిపోయి నిగనిగ తగ్గింది, కింద అంచు మాత్రం ఇంకా తడిగా మెరుస్తోంది. గుండ్రటి గిన్నెలు రెండు, వాటిలో బంతులు రెండు, నడుమ పెద్ద నల్లటి ఖాళీ. ఆ ఖాళీని చూడకూడదనుకుని బంతుల్ని చూసింది. బంతులు ఆమెకేం చెప్పలేదు.

ఆ పేరు అనకూడదు కాబట్టే అదంతా జరిగింది. ఊరి పేరెందుకు, ఒక పెద్ద ఊళ్ళో, మేడ మీద నర్సింగ్ హోం. కింద మందుల షాపు, మెట్లన్నీ ఎత్తు. ఆ మెట్లెక్కడంలోనే ఆమెకు సగం ప్రాణం పోయింది. లోపల మగ డాక్టరు. మగ డాక్టరు ముందు కోడలు నోరు తెరవదు, అత్తే చెబుతుంది. అది మర్యాద. అత్త కూడా కోడలి గజ్జల మాట ఎత్తదు, అది ఇంకా పెద్ద మర్యాద. హన్నమ్మ, దేనికీ తడుముకోని హన్నమ్మ, ఆ ఒక్క చోట తడుముకుంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పొత్తికడుపు కింద నొప్పంట సార్," అంది. జానెడు. నొప్పిని ఉన్నచోటు నుంచి జానెడు పైకి జరిపింది, గౌరవంగా కూర్చోబెట్టే చోటికి. డాక్టరు చీర మీదుగానే పొత్తికడుపు మీద చెయ్యి వేసి నొక్కి, రెబెకమ్మ మొహంలోకి చూసి, "ఇక్కడేనా," అన్నాడు. అప్పుడొక్క క్షణం ఉంది. ఈ రెండేళ్ళలో ఆమె ఆ క్షణంలోకి ఎన్నిసార్లు పోయి వచ్చిందో. గోడకు క్యాలెండరు ఉంది, అందులో గులాబీపూలు, ఫ్యాను గాలికి పేజీ లేస్తోంది, కనబడేది సెప్టెంబరు, తొంగిచూసేది అక్టోబరు. కాదు సార్, ఇంకా జానెడు కింద, పక్కకు, లోపల అంటే సరిపోయేది. అత్త పక్కనుంది. అత్త చెప్పిన మాటను డాక్టరు ముందు కాదంటే అత్త ఏమైపోతుంది. అంతకన్నా, ఆ చోటు చూపిస్తే ఆయన చెయ్యి అక్కడికొస్తుంది. రెబెకమ్మ క్యాలెండరు వైపు చూస్తూ, "ఊ," అంది.

ఊ. మాట కూడా కాదు. నిద్రలో పసిబిడ్డలు అంటారు, కథ వినేవాళ్ళు అంటారు. ఆ ఊ పట్టుకుని లోపల వాపుందన్నారు, పుండుందన్నారు, ఉంచితే క్యాన్సరుకు తిరగొచ్చన్నారు. ఆ మాట విన్నాక ఇక ఎవరూ ఏమీ అడగలేదు. లారీ మీద పనికి పోయిన భర్త ప్రసన్నకుమార్‌కు కబురు పెడితే పరుగున వచ్చాడు. "నువ్వుంటే చాల్లేమే," అన్నాడు, మెట్ల మీద నిలబడి, ఆమె చెయ్యి పట్టుకుని. మంచివాడు. ఇంటి పైకప్పు వేసుకున్నాక ఇంకొక బిడ్డను కందామని ఇద్దరూ అనుకుని ఉన్నారు. ఆ తర్వాత పైకప్పు వేశారు. వేసిన రోజు ఇద్దరూ కింద నిలబడి పైకి చూశారు, బాగా కుదిరింది అన్నాడు, బాగా కుదిరింది అంది, అంతటితో ఆ మాట అయిపోయింది. ముప్పై నిండకుండానే ఒంట్లోంచి మంటలు లేవడం మొదలయింది, చలికాలం పొద్దున్నే చెమట. "మనిద్దరం ఈడుజోడు అయిపోయినాం మే," అంది హన్నమ్మ విసనకర్ర ఇస్తూ. నవ్వించడానికే అంది. విసనకర్రతో ఇద్దరూ ఒకరికొకరు విసురుకున్నారు.

ఆపరేషనయ్యాక మూడు నెలలు వంగొద్దన్నారు, వంగలేదు. కింద కూర్చోవద్దన్నారు, మంచం దిగలేదు. హన్నమ్మ అన్నం మంచం మీదికే తెచ్చింది, తలకు పోసింది, చేతకాదన్న పనులన్నీ తను చేసింది. నొప్పి పోయింది. నిజంగానే పోయింది. మూడు నెలలు మోకాలు లోపలికి తిప్పి వంగకపోతే పోదా మరి. పొద్దున డాక్టరు మోకాలు తిప్పి చూశాక ఇప్పుడు తెలుస్తోంది, అప్పుడు అద్భుతమనిపించింది. సంఘమంతా ఆమె కోసం ప్రార్థించింది కాబట్టి సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి, అది పద్ధతి. హన్నమ్మ కృతజ్ఞతకు గంప నిండా నిమ్మకాయలూ, ఒక పుంజూ తెచ్చింది. ఆ పుంజు ఆరాధన మధ్యలో రెండుసార్లు కూసి బోధకుడికి, కోడి కూసేలోపు ప్రభువును ఎరగనని బొంకిన పేతురును గుర్తు చేసింది. గంటసేపు చాప మీద కూర్చున్నాక రెబెకమ్మ పేరు పిలిచారు. లేచింది. లేస్తుంటే తుంటిలో టక్కుమంది. తాళంచెవి. అదే చోటు, అదే నొప్పి, మూడు నెలలు ఎక్కడికీ పోకుండా అక్కడే కూర్చుని ఎదురుచూసినట్టు. మొహాలన్నీ ఆమె వైపు తిరిగాయి, ముందు వరసలో హన్నమ్మ అప్పటికే ఏడుస్తోంది. ఇంకా తగ్గలేదండీ అని కూర్చోవచ్చు. తుంటి మీద చెయ్యి పెట్టుకుని, బొటనవేలు వెనక, నాలుగు వేళ్ళు ముందు, రెబెకమ్మ నిలబడి, "ప్రభువు నన్ను స్వస్థపరిచినాడు," అంది. అందరూ స్తోత్రం అన్నారు. తను మాట తిరగ్గొట్టుకునే దారి ఆ స్తోత్రంతో మూసుకుపోయింది. దేవుడు బాగుచేశాడని అందరి ముందూ చెప్పాక, బాగుకాలేదని ఎవరికి చెబుతావు. అత్తకు చెప్పాలా, ఆ పుంజునిచ్చిన అత్తకు?

అందుకని చెప్పలేదు. రెండేళ్ళు మళ్ళీ గట్టు పక్క చోటులోనే నాటింది. పళ్ళ మధ్య చెంగు పెట్టుకుని నాటింది. కుంటడం కనబడకుండా రెండు కాళ్ళతోనూ కొంచెం కొంచెం కుంటడం నేర్చుకుంది, అలా నడిస్తే అది నడక అనుకుంటారు. ఒక్క సంగం రెడ్డెమ్మ అనుకోలేదు. మడి ఆసామి తల్లి, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునే మనిషి, వారం కిందట ఈమె బురదలో కూలబడి లేచి నిలబడ్డ తీరు చూసి, "ఆ చెయ్యి ఎందుకు అట్టా పట్టుకున్నావు, అది జారి పడిన వాటం కాదే," అంది. "ఎముకల డాక్టరు గురువారం ఆత్మకూరుకు వస్తాడు. పో. పోకపోతే రేపు నా మళ్ళో దిగబాక." గట్టు మీద కూర్చున్న ఆమెకు కనబడింది మేడ మీద కూర్చున్నాయనకు కనబడలేదు. కనబడనిచ్చింది ఎవరు. ఆ ఊ అన్నది ఎవరు. ఆలోచన అక్కడికి రాగానే ఎద్దు మళ్ళీ వెనక్కి ఎక్కడం మొదలుపెట్టింది. ఎముకైతే.

మస్తానయ్య టీ తాగి మూతి తుడుచుకుంటూ వచ్చి ఫిల్ము అంచు వేలితో తాకి చూశాడు. హన్నమ్మ నీళ్ళు తాగడానికి బయటికి పోయింది. రెబెకమ్మ లేచి, కాలు సాగేదాకా ఆగి, అతని పక్కకు వచ్చింది. ఒక గంట నుంచి చూడకూడదనుకున్న చోటు చూపించి, "అన్నా, ఈ నడిమధ్యలో నల్లగా ఉండాదే, అది ఏంది," అని అడిగింది.

"అది ఏం కాదమ్మా."

"ఏం కాదంటే?"

"మెత్తటివి ఫోటోలో పడవు. పేగులు, కండలు, అట్టాటివి. అవి ఉండినా నల్లగానే వస్తాది, లేకపోయినా నల్లగానే వస్తాది." క్లిప్పు తీసి, ఫిల్మును పసుప్పచ్చ కవర్లో దూర్చి, "పోండి, మళ్ళా ఆయన అన్నానికి లేస్తాడు," అన్నాడు. ఉన్నా నల్లగానే, లేకపోయినా నల్లగానే. ఎవరో భుజం తట్టి ఓదార్చినట్టూ ఉంది ఆ మాట, మొహం మీద తలుపు వేసినట్టూ ఉంది. కవరు చాలా తేలిగ్గా ఉంది. రోడ్డు దాటేటప్పుడు హన్నమ్మ దాన్ని లాక్కుని, ఎండ తగలకుండా చెంగు కింద పెట్టుకుంది, పసిబిడ్డను దాచినట్టు.

డాక్టరు ఫిల్మును వెలుగుతున్న తెల్లటి పెట్టెకు తగిలించాడు. ఎముకలు ఇప్పుడు నిటారుగా నిలబడ్డాయి. ఆయన పెన్నుమూతతో చూపించాడు. "ఇది గిన్నె, ఇది బంతి. బంతి కింద మెడ సన్నగా ఉండాలి. ఇక్కడ చూడండి, బుడిపె. తుపాకి పిడి లాగా ఉందంటారు మా పుస్తకాల్లో. వంగి మోకాలు లోపలికి తిప్పినప్పుడల్లా ఈ బుడిపె పోయి గిన్నె అంచుకు కొట్టుకుంటుంది. కొట్టుకుని కొట్టుకుని అంచు చిరుగుతుంది. అదీ నొప్పి."

"జారి పడినందుకా సార్," అంది హన్నమ్మ. "వారమే అయింది."

"వారంలో రాదమ్మా. పదిహేను, పదహారేళ్ళప్పుడు ఎముక పెరగడమే ఇట్లా పెరిగింది. నొప్పి మొదలయి కూడా ఏళ్ళయి ఉండాలి. కష్టపడి పనిచేసేవాళ్ళకే, ఆటలాడేవాళ్ళకే ముందు తెలుస్తుంది, కానీ ఎవరూ కనుక్కోరు. నడుమంటారు, నరమంటారు, ఇంకేదో అంటారు. ఎడమ పక్క కూడా ఇట్లాగే ఉంది, అది ఇంకా మొదలు కాలేదు." ఆయన కుర్చీలో కూర్చుని చీటీ ముందుకు లాక్కున్నాడు. వంగే పని మానెయ్యాలన్నాడు. కింద కూర్చోకూడదు, గొంతుక్కూర్చోవడం అసలే వద్దు. ఆ బుడిపెను చెక్కే ఆపరేషను ఎక్కడో బయటి దేశాల్లో మొదలుపెట్టారని విన్నానన్నాడు, ఇక్కడ లేదు. వాపుకు బిళ్ళలు రాస్తాను, కీలు అరిగిపోయినప్పుడు చూద్దాం. నాట్లు వేసే మనిషికి ఆయన చెప్పిందంతా, ఇక నాట్లు వెయ్యొద్దని. రెబెకమ్మ అది వింటూనే ఉంది. అది కూడా పెద్ద దెబ్బే, ఇంకొక రోజైతే దానికి ఏడ్చేది. ఎముక. బుడిపె అంత స్పష్టంగా, తెల్లగా, ఎవరైనా వేలు పెట్టి చూపించేటట్టు అక్కడ ఉంది. నాలుగేళ్ళూ అక్కడే ఉంది. ఆమె ఊ అన్నప్పుడు కూడా అక్కడే ఉంది.

"ఇంతకు ముందు ఆపరేషన్లేమైనా అయినాయా," అన్నాడు డాక్టరు, తల ఎత్తకుండా, అందరినీ అడిగినట్టు.

"గర్భసంచి తీసినారు సార్, రెండేళ్ళయింది," అంది హన్నమ్మ. "దాని సంగతి వేరేలే సార్. అది బాగయిపోయింది."

ఇప్పుడు తల ఎత్తాడు. "ఇంత చిన్న వయసులోనా? దేనికి తీశారు?"

హన్నమ్మ చెంగు నోటి దగ్గరికి పోయింది.

"దీనికే సార్," అంది రెబెకమ్మ.

ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. డాక్టరు కలం చీటీ మీద ఆగిపోయింది, ఆగినచోట సిరా మచ్చ పాకుతోంది. హన్నమ్మ ఫిల్ము వైపు చూసింది, కోడలి వైపు చూసింది, మళ్ళీ ఫిల్ము వైపు చూసింది. దేన్నో కూడుతున్నట్టు, అది ఎన్నిసార్లు కూడినా అంతే వస్తున్నట్టు, పెదవులు కదిలాయి. "పోయిందని నువ్వే చెప్పినావు గదమే," అంది చివరికి. రెబెకమ్మ తల ఊపింది. చెప్పింది.

డాక్టరు కలానికి మూత పెట్టి, మెల్లిగా అడిగాడు. "తీసింది పరీక్షకు పంపారా? రిపోర్టు కాగితం ఏమైనా ఇచ్చారా?"

"కాగితం ఏం ఇయ్యలేదు సార్. ట్రేలో పెట్టి బయటికి తెచ్చి చూపించినారు. ఇంటోళ్ళు చూడాలంట గదా. నేనే చూసినాను."

రెబెకమ్మ అత్త వైపు తిరిగింది. మేడ మీద ఆ తలుపు బయట ఏం జరిగిందో ఈ రెండేళ్ళలో ఆమె ఒక్కసారీ అడగలేదు, హన్నమ్మా చెప్పలేదు.

"ఎట్టా ఉండింది అత్తా?"

హన్నమ్మ తన అరచేతుల్లోకి చూసుకుంది.

"చిన్నది మే," అంది. "శుభ్రంగా ఉండింది."